అన్నయ్య బిగించిన తీగలు

చిలకలగూడ,
శనివారం.

అమ్మకు ఎలీసబెతు వందనాలు. జ్వరం తగ్గి స్కూలుకు వెళ్తున్నాను, బెంగపడకు.

నోవహు అన్నయ్య వదిలిపోయిన గిటారు నాకు ఇన్నాళ్లూ లొంగలేదు. ఎడమచేతి వాటం కదా, తీగలు తిరగేసి బిగించుకున్నాడు. అన్నయ్య చెయ్యి తగిలినవని నేను మార్చనివ్వలేదు. మొన్న బొల్లారంలో గిటారు పాఠం చెప్పే జకర్యా సారు కసిరారు. “ఎడమచేతోడు బిగించినయి నీకెట్ల పలుకుతయమ్మా? యాదికుంచుకుంటే గోడకు తగిలియ్యి. నేర్చుకోవాలంటే మార్చు.” అక్కడే కూర్చుని నేనే విప్పాను. కొత్తవి బిగించాక వేళ్లకు అన్నయ్య పాటలేవీ తోచలేదు. నువ్వు చేపలు తోముతూ కూనిరాగం తీసే కీర్తన వచ్చింది. తప్పులు పడ్డాయి, కానీ చెయ్యి ఆగలేదు.

రెండో చరణం గుర్తులేదు, రాసి పంపు. నాన్నగారు రాత్రిళ్లు అన్నం తింటున్నారా? అన్నయ్య పోయి ఏడాదయ్యే రోజున పెట్టే జ్ఞాపకార్థ కూడికలో అచ్చం అన్నయ్యలాగే వాయించమని నన్ను అడిగారు. అది నావల్ల కాదని నువ్వే చెప్పు. పాత తీగలు చుట్టి ఉంచాను, వచ్చేటప్పుడు తెచ్చి ఆయన చేతికే ఇస్తాను.

అన్నయ్య పోయిన నాటి నుంచి నీ నోట ఆ కీర్తన వినలేదు. కూడికలో నేను అదే వాయిస్తాను. పాడవలసింది నువ్వే.

మీ ఇద్దరికీ దేవుడు తోడుండాలని,
ఎలీసబెతు