అగ్గిపుల్లలతో దోపిన తీగలు

సాయిప్రియా,

పాలకుర్తిలో మోటారు బాగుచేయడానికి పోతున్నాను. సాయంత్రం వస్తాను. అప్పటిదాకా ఆ వీడియో గేమ్ డబ్బా ముట్టుకోకు.

దాంట్లో చిప్పు పెట్టుకోవద్దని నేను అనను. ఆ చిప్పుతో కాపీ ఆటలు ఆడుకుంటావో, ఏం చేసుకుంటావో నీ ఇష్టం. కానీ సీసం కరిగించి అతికే సోల్డరింగ్ కడ్డీకి ప్లగ్గు లేదని నిన్న దాని తీగలను అగ్గిపుల్లలతో స్విచ్ బోర్డులో దోపావు. కడ్డీ తుడిచే తడిగుడ్డ ఒళ్లో పెట్టుకుని, చెప్పులు లేకుండా నేల మీద కూర్చున్నావు. ఇది నేను మరిచిపోయేది కాదు. కడ్డీ నా సంచిలో ఉంది, ఇల్లంతా వెతకకు.

పొద్దున భూతద్దం పెట్టి చూశాను. నువ్వు అతికించిన చిప్పు కాళ్లలో రెండింటి మధ్య సీసం కలిసిపోయింది. ఇట్లాగే కరెంటు ఇస్తే డబ్బా కాలిపోతుంది. వచ్చేటప్పుడు ప్లగ్గు తెస్తాను. అది బిగించాక, నా ముందు కూర్చుని సరిచేసుకో.

అన్నం వండి పెట్టాను. పప్పు వేడి చేసుకో. కాలేజీకి పోతే తాళం పక్కింట్లో ఇవ్వు.

నిన్న నేను అరిస్తే, "ఏం కాదు బాపూ, ఊకె పరేషాన్ కాకు" అని నవ్వావు.

నేను ఇనుప తీగతో దండెం కట్టిన నాడు మీ అమ్మ, "గా కరెంటు తీగకు జర దూరంగ కట్టు" అన్నది. "ఏం కాదు పో" అన్నాను. మూడో రోజు వానలో బట్టలు తీయబోయి, ఆ దండెం పట్టుకునే చనిపోయింది. ఆ మాట ఈ ఇంట్లో మళ్లీ అనకు.