రెండో షీటు

మార్చి 3
నలభై ఒక్క ఏళ్ల కిందట మా ఆవిడకి మాటిచ్చాను: ముందు నా పీహెచ్‌డీ, తర్వాత నీది. నాది అయింది. ఆమెది మొదలే కాలేదు.

మార్చి 4
సర్వే అమ్మాయి వచ్చింది. ఎవరు ఏ అరగంట ఏం చేశారో రాయాలట. మనిషికో షీటు. జీతం లేని ఇంటిపని మీద ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని. రెండూ నేనే నింపేశాను. మా ఆవిడకి ఇంటిపని నాలుగు గంటలు, విశ్రాంతి ఆరు వేశాను.

మాస్టారూ, రెండోదీ మీ చేతిరాతేనండీ అంది అమ్మాయి. పోనీలేమ్మా, నా విశ్రాంతి తీసుకున్నదీ ఆయనే, లెక్క ఆయనకే తెలుస్తుంది అని వంటింట్లోంచి మా ఆవిడ.

కొత్త షీటు ఆమె చేతికిచ్చి వెళ్లింది.

మార్చి 6
ఆమె నింపిన షీటు చదివాను. ఇంటిపని పదకొండు గంటలు. అదే సమయంలో చేసిన మరో పని అన్న గడిలో నాలుగు చోట్ల: ఆయన చెప్పేది వినడం. ఒళ్లు మండింది. వినడం పనెలా అవుతుందని నిలదీశాను. డబ్బిచ్చి ఇంకొకరితో చేయించుకోగలిగేదంతా పనేనని మీరే కదా పాఠం చెప్పారు, ఎంతిస్తే ఎవరొస్తారో కనుక్కోండి అంది.

మార్చి 9
ఆ షీటు వాళ్ల ఆఫీసంతా చదివిందట. మా ఆవిడని సూపర్‌వైజరుగా రమ్మన్నారు. ఆరు నెలల పని, ముందు పది రోజులు వేరే ఊళ్లో ట్రైనింగు. అరవై నాలుగేళ్లకా అన్నాను. ఇరవై మూడేళ్లకి వెళ్లనిచ్చారా అంది. సర్వే అమ్మాయికి మాత్రం, రాలేనమ్మా, ఈయనకి మంచినీళ్లు కూడా నేనే ఇవ్వాలి అని చెప్పింది.

మార్చి 10
మంచినీళ్లు నేనే ముంచుకున్నాను.

మార్చి 12
అన్నానికి నీళ్లు ఎన్ని పొయ్యాలి అని అడిగాను. వెళ్లమని చెప్పడానికి ఇంత చుట్టుదారి ఎందుకండీ అంది.

మార్చి 16, ఉదయం 6
బస్సెక్కించాను. ఇంటి జాగ్రత్తలు ఒక్కటీ చెప్పలేదు. అప్పుడే పక్క సీటావిడని ఏదో అడుగుతోంది, చేతిలో పెన్ను.

మార్చి 19
మూడు రోజులకి అన్నం తినేలా కుదిరింది. ఈ మూడు రోజుల్లో నేను చదివిన పేజీలు: రెండు. పెళ్లయ్యాక ఈవిడ పుస్తకం ముట్టదని స్నేహితులకి చెప్పి నవ్వేవాణ్ని.

మార్చి 21
ఫోన్ చేసింది. ట్రైనింగులో మొదటి పరీక్షకి ఆమే ఫస్టట. గొంతులో వయసు లేదు. పాత కోపాలేవీ లేవట, తీరిక లేదట.

నాకు తీరికుంది. ఆ రోజుల్లో ఆమె పీహెచ్‌డీ అప్లికేషను తెరవకుండానే, ఇంటికొక డాక్టరేటు చాలునయ్యా అని నవ్వి, ఆ నవ్వులో నన్నూ కలుపుకున్నవాణ్ని నేను క్షమించను.

మా గైడు.