మా అమ్మ కుట్టిన సోఫా మీద మా అమ్మ కూర్చొనుట గురించి

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారి దివ్య సముఖమునకు,

అయ్యా,

విషయం: ఫర్నిచర్ షోరూములో ఏమీ కొనకుండా కూర్చున్న నల్లవారిని లేపివేయుట, తెల్లవారికి దిండు ఇచ్చుట – విచారణ కోరుట గురించి.

సవినయంగా మనవి చేసుకొనునదేమనగా, నేను సోఫాలు కుట్టే మేస్త్రీని. గుండీలు మా అమ్మ కుడుతుంది. చెక్కపని నా భాగస్వామిది. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది కనుక ఆయన్ను అందరూ సుద్దముక్క అంటారు. మనిషి తెల్లవాడే గానీ పేరు అందువల్ల వచ్చింది కాదు. అమ్మా నేనూ నల్లవాళ్లం. ఇరవై ఏళ్లుగా మా కార్ఖానాలో ఈ రంగు గురించి ఏనాడూ పేచీ రాలేదు. పేచీ అంతా టీ కప్పుల దగ్గరే; ఆయన తాగింది కడగడు.

1. సోఫా పూర్తయ్యాక కుట్టినవారు దాని మీద కాసేపు కూర్చుని చూడడం మా పనిలో ఆనవాయితీ. స్ప్రింగు ఎక్కడ పొడుస్తుందో, స్పాంజి ఎక్కడ కుంగుతుందో కూర్చుంటేనే తెలుస్తుంది. సదరు షోరూము వారు మా చేత కుట్టించుకున్న పెద్ద ఆకుపచ్చ సోఫాను, మమ్మల్ని తొందరపెట్టి, మేము కూర్చునే లోపే వ్యాను ఎక్కించారు. దానికి నలభై ఎనిమిది గుండీలు. "ఒక్కసారి కూర్చుని చూడకపోతే నాకు నిద్ర పట్టదురా" అని అమ్మ వారం రోజులు నా ప్రాణం తీసింది.

2. అందువలన గడచిన శనివారం అమ్మను వెంటబెట్టుకుని షోరూముకు వెళ్లితిని. పెళ్లినాటి కోటు వేసుకున్నాను. అది బిగుతైనందున ఊపిరి కూడా తగ్గించి పీల్చాను. ఇద్దరం కూర్చున్నాం. వారి గోడ గడియారం ప్రకారమే నాలుగు నిమిషాల్లో ముగ్గురు వచ్చారు. మొదటి అమ్మాయి "ఏం కావాలండీ?" అంది. రెండో అబ్బాయి "ఏమైనా కొంటున్నారా?" అన్నాడు. మూడో ఆయన మేనేజరు. "ఇక్కడ ఊరికే కూర్చోకూడదు" అన్నాడు. "ఇది కుట్టింది మేమేనండీ" అన్నాను. "అందరూ అలాగే అంటారు" అన్నాడు. అందరూ అలా ఎందుకంటారో నాకు నేటికీ బోధపడలేదు. ఆ సమయంలో ఎదుటి సోఫాలో ఒక తెల్ల జంట, వారి కుక్క మాకంటే ముందు నుంచీ ఊరికే కూర్చుని ఉన్నారు. కుక్క కూడా ఏమీ కొనలేదని మనవి.

3. తలుపు దగ్గరి గార్డు మా వీధివాడే, మా రంగువాడే. అతణ్ణి నిలదీయగా, "నన్నేం చేయమంటావు మామా? పైనుంచి కెమెరాలో చూస్తుంటారు. వాళ్లు కూర్చుంటే కస్టమరు. మనవాళ్లు కూర్చుంటే రెండు నిమిషాల్లో నాకు ఫోను. అసలు నన్నే కూర్చోనివ్వరు" అని వాచిన కాళ్లు చూపించాడు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు. వీలైతే ఒక స్టూలు మంజూరు చేయగలరు.

4. ఇదంతా నా అనుమానమని తమకు తోచవచ్చు. సుద్దముక్కకూ అలాగే తోచింది. "నువ్వు ప్రతిదానికీ చిటపటలాడతావు మేస్త్రీ. వాళ్లు అందర్నీ లేపుతారు. నేను వెళ్తా, ఐదు నిమిషాల్లో గెంటేస్తారు చూడు" అని పందెం కాసి, మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుతో, తలనిండా రంపపు పొట్టుతో సోమవారం వెళ్లాడు. నేను రోడ్డవతల నిలబడి అద్దంలోంచి చూస్తున్నాను. ఐదు నిమిషాలకు మంచినీళ్లు వచ్చాయి. అరగంటకు ఒరిగాడు. ముప్పావుగంటకు గురక మొదలైందని గార్డు నాకు అభినయించి చూపించాడు. మేనేజరు స్వయంగా వచ్చి తల కింద దిండు పెట్టి, లైటు తగ్గించి, చప్పుడు కాకుండా వెళ్లాడు. గంటా యాభై నిమిషాలకు మనవాడు లేచి ఆవలిస్తే, "తొందరేం లేదు సార్, ఆలోచించుకోండి" అన్నారట. బయటికొచ్చి నా మొహంలోకి చూడలేకపోయాడు. "మేస్త్రీ, సోఫా మాత్రం బాగా కుదిరింది" అన్నాడు. ఆ మర్నాటి నుంచి కప్పులన్నీ తనే కడుగుతున్నాడు. నేను వద్దన్నా మానడం లేదు.

5. అసలు ఫిర్యాదు ఇది. మేనేజరు లేవమన్నప్పుడు అమ్మ అతణ్ణి దులిపేస్తుందనుకున్నాను. మా నాన్నగారి కాలి మీద ఇస్త్రీపెట్టె పడేసిన రోజున కూడా, కాలు అక్కడెందుకు పెట్టావని ఆయన్నే తిట్టిన మనిషి. అటువంటిది లేచి నిలబడి, తాను కూర్చున్న చోటును చేత్తో తుడిచి, "తప్పయిపోయిందండీ" అంది. తన చేత్తో కుట్టిన దాన్ని, తన వల్ల మాసిపోయిందేమో అన్నట్టు తుడిచింది అయ్యా.

ఆనాటి నుంచి ఆవిడ బయట ఎక్కడా కూర్చోవడం లేదు. బస్సులో సీటు ఇచ్చినా నిలబడుతుంది. మోకాళ్ల నొప్పులకని వెళ్లి డాక్టరు గది ముందు గంటసేపు నిలబడింది. ఎక్కువసేపు నిలబడవద్దని ఆయన చీటీ రాశాడు. ఆ చీటీ తీసుకుని మందుల షాపులో నిలబడింది. "కూర్చోవే అమ్మా" అంటే, "ఎందుకురా, మళ్లీ లేవమంటారు" అంటుంది.

కావున తమరు దయతో,

నిద్రపోయిన తెల్లవాడికి ఇచ్చిన దిండు మెలకువగా ఉన్న నల్లవారికి ఎందుకు ఇవ్వలేదో మేనేజరును సంజాయిషీ అడగవలెను. కొననివారిని లేపడమే నియమమైతే కుక్కతో సహా అందరినీ లేపవలెను, లేదా అందరినీ కూర్చోనివ్వవలెను. రెండోదే మేలు, సోఫాలు కుట్టేది అందుకే. మరియు మా అమ్మ పది నిమిషాలు ఏమీ కొనకుండా కూర్చోవచ్చునని తమ ముద్రతో ఒక కాగితం ఇప్పించవలెను.

పై సంగతులన్నీ నిజమనీ, కోపంలో రాసిన రెండు పేరాలను సుద్దముక్క కొట్టేయించాడనీ విన్నవిస్తూ, ఈ అర్జీని ఫైలులో పెట్టకముందే ఒకసారి చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
సోఫాల మేస్త్రీ

తా.క.: అర్జీ ఇవ్వడానికి అమ్మ కూడా వచ్చింది. మీ గది బయట బెంచీ మొత్తం ఖాళీగా ఉంది. ఆవిడ గంటంపావు నుంచి గోడకు ఆనుకుని నిలబడే ఉంది. నేను చెప్పాను, సుద్దముక్క చెప్పాడు, మీ బంట్రోతు కూడా పాపం రెండుసార్లు చెప్పాడు. వినడం లేదు. లోపలున్న పెద్దాయన చెబితే గానీ కూర్చోదట. విచారణ, ముద్ర, కాగితం అన్నీ తర్వాత చూద్దురుగాని. ముందు ఒక్కసారి తలుపు తీసి "కూర్చోండమ్మా" అనండి సార్.