ఏమీ జరగని వీడియో

జనవరి 9, గురువారం

ఒక యానిమే, అదే జపాన్ వాళ్ళ కార్టూన్ సీరియల్, చూడమని పక్క సీటు పిచ్చుక ప్రాణం తోడేస్తోంది. నోరు మూయదు కనక మేం పెట్టిన పేరది. జనం పెట్టే వీడియోల్లోంచి రక్తం, దెబ్బలు, చావులు ఏరి తీసేయడం మా ఉద్యోగం. రోజుకి ఆరొందల వీడియోలు. ఇంటికెళ్ళి కూడా వీడియోలేనా అన్నాను. ఇందులో ఏమీ జరగదు, అందుకే చూడమంది.

చూశాను. ఇద్దరు అక్కచెల్లెళ్ళు గొడుగులు బాగుచేస్తారు. వాన పడుతుంది. అయిపోయింది. ఇరవై నాలుగు నిమిషాలూ ఎవరు చస్తారా అని కాచుకు కూర్చున్నాను. ఎవరూ చావలేదు.

జనవరి 16

రెండో ఎపిసోడ్. చెల్లెలు మెట్ల మీద పరిగెత్తింది. పడి తల పగులుతుందనిపించి, ఆఫీసులోలాగే నా వేలు దానంతటదే డిలీట్ నొక్కబోయింది. మా ఆయన చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

జనవరి 30

వారానికొకటే వదులుతారు. సీజన్ అంటే మూడు నెలలట. ఇలాంటివే ఇంకో రెండు పట్టుకున్నాను. ఒకటి చేపల తొట్టెల షాపు, ఒకటి లైబ్రరీ. ఏ రోజు ఏది వస్తుందో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఏమీ జరగని కథ కోసం వారమంతా ఎదురుచూడ్డమేంటని మా ఆయన వెక్కిరింత. వెక్కిరించుకోనీ. రెండేళ్ళ తర్వాత కంటినిండా నిద్రపోతున్నాను.

ఫిబ్రవరి 13

ఎపిసోడ్ మొత్తం బట్టలు ఇస్త్రీ చేయడమే. హాయిగా ఏడ్చాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇవాళ ఆఫీసులో ఒక మంచి వీడియో తగిలింది. ఇరవయ్యేళ్ళ అమ్మాయి గది సర్దుకుంటోంది. బట్టలు మడతపెట్టి, ఒక్కో దొంతర మీద ఒక్కో పేరు రాసిన చీటీ అంటించింది. పుస్తకాలకీ అంతే. పిల్లికి నాలుగు గిన్నెల్లో తిండి పెట్టింది. పూలకుండీ తీసుకెళ్ళి పక్కింటి గుమ్మంలో పెట్టి వచ్చింది. ఒక్క మాట లేదు. మామూలుగా సౌండ్ తీసేసి డబుల్ స్పీడ్‌లో చూస్తాం. దీన్ని సౌండ్ పెట్టుకుని పదకొండు నిమిషాలూ చూశాను. అచ్చం మా గొడుగుల అక్కే. ఇలాంటిదాన్ని కూడా ఎవరో రిపోర్ట్ కొట్టారు. పనిలేని వాళ్ళు. నో ఇష్యూ నొక్కాను. రోజంతా మనసు తేలిగ్గా ఉంది.

ఫిబ్రవరి 20, గురువారం, మధ్యాహ్నం 3:10

టీమ్ లీడ్ లోపలికి పిలిచాడు. ఆ అమ్మాయి చనిపోయింది. మంగళవారం సాయంత్రమే. నేను నో ఇష్యూ నొక్కింది పన్నెండున్నరకి. అప్పటికి బతికే ఉంది. రిపోర్ట్ కొట్టింది వేరే ఊళ్ళో ఉన్న వాళ్ళ అన్నయ్యట. నేను ఎమర్జెన్సీ టీమ్‌కి పంపి ఉంటే గంటలో పోలీసులు ఆ తలుపు తట్టేవాళ్ళు.

లీడ్ నన్ను తిట్టలేదు. ఆ అమ్మాయి నోటితో ఏమీ అనలేదు కాబట్టి పాలసీ ప్రకారం ఇది తప్పు కింద రాదన్నాడు. నా పనికిచ్చే స్కోరు ఏం తగ్గదట.

ట్రైనింగ్ రెండో రోజే చెప్పారు. సొంత వస్తువులు పంచేస్తున్న మనిషి కనిపిస్తే, చావడానికి సిద్ధమవుతున్నారేమో ఆగి చూడమని. నేను ఆగే చూశాను. ముచ్చటపడి చూశాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

పిచ్చుక టీ తెచ్చి నా పక్కన పెట్టింది.

అదే రోజు, 7:00

ఏడో ఎపిసోడ్ వచ్చింది. పెట్టలేదు.

ఫిబ్రవరి 27

పెట్టాను. అక్క షాపు సర్దుతోంది. నాలుగో నిమిషంలో ఆపేశాను. ఫ్రిజ్ మీది కాగితం చింపేశాను.

మార్చి 5, బుధవారం

నిన్నా ఇవాళా కలిపి ముప్ఫై ఎనిమిది వీడియోలు ఎమర్జెన్సీకి పంపాను. మొక్కలకి నీళ్ళు పోస్తున్న ఆవిడ. కిటికీ తుడుస్తున్న కుర్రాడు. చొక్కాకి గుండీ కుట్టుకుంటున్న ముసలాయన. లీడ్ వచ్చి, ఇలాగే చేస్తే ఈ పనిలోంచి తీసేయాల్సి వస్తుందన్నాడు. ముసలాయన ఇంటికి నిన్న నిజంగానే పోలీసులు వెళ్ళారట. పాపం చేతిలో సూదితోనే తలుపు తీశాడట, వాళ్ళని చూసి హడలిపోయాడట. బతికే ఉన్నాడు కదా అని అడిగాను. అదే మాట మూడుసార్లు అడిగావని పిచ్చుక తర్వాత చెప్పింది.

మార్చి 9, ఆదివారం

మా ఆయన పొద్దున్నుంచీ అల్మారా సర్దుతున్నాడు. గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. ఏంటలా చూస్తున్నావని రెండుసార్లు అడిగాడు. పాత బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు.

ఒక్కటి కూడా ఇవ్వడానికి వీల్లేదన్నాను.