రెండో గడి

బాపూ,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఇయ్యాల మన ఎమ్మెల్యే సారు సిరిసిల్లకు అచ్చిండు. బట్ట నేసే సాంచెల కరెంటు సబ్సిడీ తియ్యనియ్యనని మైకుల మల్ల గదే మాట.

నీ నోట్‌బుక్కు పట్టుకొని రెండు గంటలు ఎండల నిలబడ్డ. నువ్వు ప్రతి పేజీల రెండు గడులు గీసినవు గదా, ఒకదాంట్ల ఆయన ఇక్కడ చెప్పింది, ఇంకోదాంట్ల అసెంబ్లీల చేసింది. సబ్సిడీ పేజీ తీసి సారుకు చూపెట్టిన. ఇక్కడ "తియ్యనియ్య" అన్నడు, అక్కడ సబ్సిడీ తగ్గించిన బడ్జెట్‌కే చెయ్యెత్తిండు.

సారు కోపం చెయ్యలే. పేజీలు తిరగేసి, "మంచిగ రాసిండ్రు. ఎవరు బిడ్డా?" అన్నడు.

"మా బాపు, సార్" అని నీ పేరు చెప్పిన.

"ఒకసారి నా దగ్గరికి పంపు, మాట్లాడ్త" అన్నడు.

నోట్‌బుక్కు తీసుకొని ఇంటికచ్చిన.

నువ్వు పోయినంక ఆయన మనింటికచ్చి, నీ ఫొటోకు దండేసి, "గీ మనిషిని నేను ఎన్నడు మర్వ" అన్నడు. గా మాట నేను అప్పుడే నీ తీర్గ మొదటి గడిల రాసిపెట్టిన.

రెండో గడి ఇయ్యాల నింపిన.