మద్దిలేటి సొట్ట

డోన్, ఆదివారం

మా స్పోర్ట్స్ కార్ల కంపెనీకి ఇవాళ కర్నూలులో షోరూం తెరిచారు. గోడ నిండా కంపెనీ చరిత్ర రాయించారు. అందులో డోన్ లేదు, మా లారీ బాడీల షెడ్డు లేదు, మొదటి కారు రేకును సుత్తితో కొట్టి తీర్చిన మద్దిలేటి లేడు. షెడ్డు నేలకు పరిచిన బేతంచెర్ల బండల మీద మేకుతో ఆ కారు బొమ్మ గీసింది నేను. నా పేరు లేకపోతే పోనీ, చచ్చిపోయినవాడి పేరు కూడా మింగేస్తారా?

ఓనరు కొడుకును అక్కడే నిలదీశాను.

"ఏమప్పా, లారీ షెడ్డులో పుట్టిందంటే ఇంత ఖరీదు కారు ఎవరు కొంటారు? నువ్వేంది, శానా రచ్చ చేస్తాండావు!" అన్నాడు.

ఆ మొదటి కారు ఎడమ తలుపు మీద సన్నటి సొట్ట ఉంటుంది. మద్దిలేటి చేతిలో సుత్తి జారి పడిన సొట్ట. చూసుకోకుండా దాని మీదే ఫైబర్ అచ్చు తీశాం. ఆ అచ్చులో తయారైన ప్రతి కారుకూ ఆ సొట్ట వచ్చింది. బతికినన్నాళ్లూ వాడు దానికి సిగ్గుపడ్డాడు.

గోడ మీద ఆ సొట్ట ఫోటోనే అన్నిటికంటే పెద్దది. కింద "విదేశీ డిజైనర్ చేతి ముద్ర" అని రాశారు. ఏ దేశమని అడిగితే, "అది ఇంకా తేల్చలేదప్పా" అన్నాడు ఓనరు కొడుకు.