ఇక మీ ఇంటికి వీసా

అక్కా,

నిన్న పౌరసత్వం ఆఫీసుకు వెళ్లాం. "మీ పాత పౌరసత్వం వదులుకుంటున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి" అంది అక్కడి అధికారిణి. పెన్ను పట్టుకున్నాను గానీ చెయ్యి కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చూసి నీ మరిది లేచి నిలబడ్డాడు. "వద్దులెండి మేడమ్. ఏటేటా ఇక్కడ ఉండే అనుమతి కోసం వచ్చి క్యూలో నిలబడతాం. ఆమెను ఏడిపించకండి" అన్నాడు.

క్యూ అంటేనే చిర్రెత్తిపోయే మనిషి అక్కా! నాకు నవ్వాగలేదు. చెయ్యి పట్టి ఆయన్ని కూర్చోబెట్టి, సంతకం పెట్టేశాను.

ఇకపై మీ ఇంటికి రావాలంటే నాకు వీసా కావాలట. ఆహ్వానం నువ్వే పంపాలి. నేనెవరని అడిగినచోట 'మా చెల్లి' అనే రాయి. 'విదేశీయురాలు' అని నవ్వులాటకైనా రాయకు, ఏడుస్తాను.

నీ చెల్లి